ఏ పచ్చ అసలు పచ్చ?

చీరల కొట్టులో ఒక తమాషా మీరు చూసే ఉంటారు. గుమాస్తా పది చీరలు విప్పి పరుస్తాడు. అమ్మకు వాటిలో ఒకటి నచ్చుతుంది. నచ్చినా వెంటనే బేరం మొదలుపెట్టదు. చీరను చేతిలోకి తీసుకొని గుమ్మం దాకా నడుస్తుంది. పగటి వెలుగులో మడత విప్పి చూసి, "లోపల నెమలికంఠం రంగులా మెరిసింది, ఇక్కడ చూస్తే వట్టి ఆకుపచ్చ" అని పెదవి విరుస్తుంది. ఇందులో అబద్ధమాడింది ఎవరు? చీరా? కొట్టులోని దీపమా? లేక అమ్మ కన్నా?

ఈ ప్రశ్న వెంట పోతే మన బల్లమీది కంప్యూటర్ తెర దగ్గరికీ, దాని పక్కనున్న ప్రింటర్ దగ్గరికీ వచ్చి తేలుతాం. తెరమీద చక్కగా కనిపించిన పెళ్ళి ఫోటో కాగితం మీద నల్లబడి, ముఖాలు కమిలిపోయినట్టు వచ్చిందని విసుక్కున్నవాళ్ళు మీ ఇంట్లోనే ఉండవచ్చు. నేనూ విసుక్కున్నవాణ్ణే. అయితే నా విషయంలో పాడైంది ఫోటో కాదు. మరి కాస్తయితే ఒక రైతు చేను పాడయ్యేది. ఆ కథ చెబుతాను.

ముందు ఒక్క మాట. మన భాషలో రంగుల పేర్లకు కొదవ లేదు. చిలకపచ్చ, కనకాంబరం, వంగపండు, నేరేడు, ఉల్లిపొర, మెంతి, గంధం, గచ్చకాయ: ఒక్కొక్క పేరు వినగానే రంగు కళ్ళ ముందు నిలుస్తుంది. అయినా "పచ్చ" అన్న మాటనే తీసుకోండి. పచ్చని చేను అంటాం, పచ్చని పసుపుకొమ్ము అనీ అంటాం. చేను ఒక రంగు, పసుపుకొమ్ము మరొక రంగు. మాటలతో రంగును కచ్చితంగా చెప్పడం ఎంత కష్టమో చూశారు కదా! కంప్యూటర్ ఈ చిక్కును తప్పించుకోవడానికి ప్రతి రంగుకూ మూడు అంకెలు ఇస్తుంది. ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు. 256ను 256తో, మళ్ళీ 256తో గుణించండి. 1,67,77,216 వస్తుంది. అన్ని రంగులను అంకెలతో పిలవవచ్చునన్నమాట. అంకె వచ్చాక ఇక తగాదా ఏముంటుంది అనుకున్నాను నేను.

42 కాగితాలు

మాది వరి పండే ఊరు. వరిచేనుకు యూరియా ఎప్పుడు వెయ్యాలో తెలుసుకోవడానికి ఆకురంగు చార్టు అని ఒక చిన్న సాధనం ఉంది. జపాన్‌లో పుట్టిన ఈ ఆలోచనను ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఆసియా రైతులకు అనువుగా తీర్చిదిద్దింది. ప్లాస్టిక్ పట్టీ మీద లేత పసుపుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ వరకు వరసగా నాలుగు గళ్ళు ఉంటాయి. (ఆరు గళ్ళవీ ఉన్నాయి.) చేలో పది మొక్కలు ఎంచుకొని, ఒక్కొక్క మొక్కలో పూర్తిగా విచ్చుకున్న పై ఆకును ఆ గళ్ళ పక్కన పెట్టి ఏ గడికి సరిపోతుందో చూస్తారు. సగం కంటే ఎక్కువ ఆకులు నిర్ణయించిన గడికన్నా లేతగా ఉంటే చేనుకు నత్రజని కావాలన్నమాట. ముదురుగా ఉంటే అక్కరలేదు.

నత్రజని తగ్గితే దిగుబడి తగ్గుతుంది. ఎక్కువైతే ఇంకా చిక్కు. పైరు ఏపుగా పెరిగి గాలికి పడిపోతుంది, సుడిదోమ చేరుతుంది, అగ్గితెగులు పట్టుకుంటుంది. కనుక ఆ గళ్ళ రంగు మీద ఒక బస్తా యూరియా, కొన్ని బస్తాల ధాన్యం ఆధారపడి ఉంటాయి.

ఒక సార్వాలో మా బడికి ఇలాంటి చార్టు ఒకటి దొరికింది. తరగతిలో పిల్లలు 42 మంది. చార్టు ఒక్కటే. నాకొక ఉపాయం తోచింది. చార్టును ట్యూబులైటు కింద పెట్టి ఫోన్‌తో ఫోటో తీశాను. ఇంటికి వెళ్ళి కంప్యూటర్‌లో తెరిచాను. తెరమీద గళ్ళు బాగా లేతగా, మెరిసిపోతూ కనిపించాయి. అసలు చార్టును తెర పక్కన పట్టుకొని, రెండూ ఒకటిగా కనిపించేదాకా బొమ్మను ముదురు చేస్తూ పోయాను. సరిపోయిందని తృప్తి పడ్డాక మంచి నిగనిగలాడే కాగితం మీద 42 ప్రతులు అచ్చు వేశాను. పిల్లలకు పంచి, మీ చేలల్లో చూసి రండి అని పంపాను. ఎంత శ్రద్ధగా తప్పు చేశానో గమనించండి!

వారం తిరగకముందే తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు వచ్చి, "మాస్టారూ, మా చేనుకు యూరియా వెయ్యాలని వచ్చిందండి. తాతయ్య వద్దంటున్నాడు" అన్నాడు. సాయంత్రం తాతగారే వచ్చారు. "మీ కాగితం ప్రకారం నా చేను ఆకలితో మాడిపోతోందట మాస్టారూ. నా కంటికి మటుకు బాగానే ఉంది. ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. ప్లాస్టిక్ చార్టు, నా కాగితం రెండూ పట్టుకొని వెళ్ళాను. ఒకే ఆకులను రెండింటితోనూ చూశాం. ప్లాస్టిక్ చార్టు ప్రకారం పదిలో ఎనిమిది ఆకులు సరిగ్గా ఉన్నాయి. నా కాగితం ప్రకారం పదిలో ఎనిమిది ఆకులు లేతగా ఉన్నాయి. నా గళ్ళు అసలు గళ్ళకన్నా ముదురుగా ఉండడంతో, బాగున్న ఆకు కూడా వాటి పక్కన పాలిపోయినట్టు కనిపించింది.

మర్నాడు కాగితాలన్నీ వెనక్కి అడిగాను. 39 వచ్చాయి. మిగిలిన మూడింటి కోసం సాయంత్రం ఇళ్ళకు వెళ్ళాను.

తరువాత కూర్చొని ఆలోచించాను. ఫైలులో అంకెలు ఉన్నాయి. ప్రింటర్ ఆ అంకెలనే అచ్చు వేసింది. మరి తప్పు ఎక్కడ జరిగింది?

తెర వెలుగుతుంది, కాగితం వెలగదు

మన కంటి వెనుక పొరలో రంగులను గుర్తించే శంకు కణాలు మూడు రకాలు. వాటి మూడు స్పందనల నుంచే మెదడు రంగును కల్పించుకుంటుంది. ఈ సంగతిని ఇంగ్లండులో థామస్ యంగ్ 19వ శతాబ్దం మొదట్లోనే ఊహించాడు. 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో దీనిని కళ్ళకు కట్టినట్టు చూపించాడు. గళ్ళ రిబ్బను ముడి ఒకదానిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా మూడుసార్లు ఫోటో తీయించి, మూడు దీపాలతో ఆ మూడు బొమ్మలను తెరమీద ఒకదానిపై ఒకటి వేశాడు. రంగుల రిబ్బను ప్రత్యక్షమైంది! ఇందులో ఒక చమత్కారం ఉంది. ఆనాటి ఫోటో పలకలు ఎర్రని కాంతిని గుర్తించలేవు. అయినా ఎరుపు ఎలా వచ్చింది? రిబ్బనులోని ఎర్రని భాగాలు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా పరావర్తనం చేశాయి. అది ఎర్ర వడపోత గుండా దూరి పలక మీద పడింది. ఈ సంగతి నూరేళ్ళ తరువాత, 1961లో, కొడాక్ శాస్త్రజ్ఞులు తేల్చారు. కెమెరా చూసేదీ కన్ను చూసేదీ ఒకటి కాదని దీనివల్ల మనం గుర్తు పెట్టుకోవాలి.

మీ ఫోన్ తెర కూడా మాక్స్‌వెల్ పద్ధతిలోనే పని చేస్తుంది. తెల్లని పేజీ ఒకటి తెరిచి, వేలితో చిలకరించి ఆవగింజంత నీటిబొట్టును తెరమీద పడనివ్వండి. బొట్టు భూతద్దంలా పని చేసి ఎర్రని, పచ్చని, నీలి చుక్కలను చూపిస్తుంది. తెలుపు ఎక్కడా కనిపించదు. (చూశాక గుడ్డతో తుడవండి. ఫోన్ మీ నాన్నగారిదైతే ముందే అడగండి.) మూడు కాంతులు కలిస్తే తెలుపు, ఏదీ లేకపోతే నలుపు. ఇది కలిపే పద్ధతి.

కాగితం సంగతి వేరు. అది తానుగా వెలగదు. దీపం నుంచి వచ్చిన తెల్లని కాంతిలో కొంత భాగాన్ని సిరా మింగేస్తుంది, మిగిలినది మన కంటికి వస్తుంది. సయాన్ అనే నీలిపచ్చ సిరా ఎరుపును మింగుతుంది. మెజెంటా అనే ముదురు గులాబి సిరా ఆకుపచ్చను మింగుతుంది. పసుపు సిరా నీలాన్ని మింగుతుంది. ఆకుపచ్చ కావాలంటే సయాన్, పసుపు కలిపి వెయ్యాలి. మూడూ కలిస్తే సిద్ధాంతం ప్రకారం నలుపు రావాలి. నిజానికి వచ్చేది బురదరంగు. అందుకే నాలుగో సిరాగా నలుపును విడిగా పెడతారు. రంగుల దినపత్రిక బొమ్మను భూతద్దంతో చూడండి, ఈ నాలుగు సిరాల చుక్కలూ కనిపిస్తాయి. ఇది తీసివేసే పద్ధతి. తెల్లదనం మాత్రం సిరాది కాదు, కాగితానిదే.

ఇప్పుడు నా తప్పులో మొదటి భాగం దొరికింది. కాగితం ఎంత తెల్లగా ఉన్నా దాని మీద పడిన కాంతికన్నా ఎక్కువ ఇవ్వలేదు. లెక్క వేద్దాం. గదిలో బల్లమీద 300 లక్సుల కాంతి పడుతున్నదనుకోండి. తెల్లకాగితం అందులో 85 శాతం వెనక్కి పంపుతుంది. 300ను 0.85తో గుణించి, పై విలువ 3.14తో భాగిస్తే సుమారు 81. అంటే కాగితపు వెలుగు చదరపు మీటరుకు 81 క్యాండెలాలు. దుకాణం నుంచి వచ్చిన తెర వెలుగు 250, 300 క్యాండెలాల దాకా ఉండవచ్చు. అది కాగితానికి మూడు, నాలుగు రెట్లు! తెర అంత వెలుగుతుంటే చార్టుతో పోల్చి నేనేం చేశాను? తెరను తగ్గించవలసింది పోయి బొమ్మలోని అంకెలను తగ్గించాను. తెర లోపాన్ని బొమ్మ మీద రుద్దాను. ప్రింటర్ పాపం నేను చెప్పినట్టే ముదురుగా అచ్చు వేసింది. ఇంట్లో ఫోటోలు నల్లగా రావడానికి ముఖ్య కారణం ఇదే. ప్రింటర్‌ను తిట్టకండి.

మూర పూలు, మీటరు గుడ్డ

పూలమ్మి దగ్గర మల్లెపూలు మూరల లెక్కన కొంటాం. పొడుగు చేతుల ఆమె కొలిస్తే ఒక మూర, పొట్టి చేతుల ఆమె కొలిస్తే మరొక మూర. రెండూ "మూడు మూరలే". అంకె ఒకటే, పూలు వేరు. కంప్యూటర్‌లోని రంగు అంకెలు కూడా అలాంటి మూరలే. "ఆకుపచ్చ 140" అంటే నా తెరలో ఒక పచ్చ, మీ తెరలో ఒక పచ్చ, ప్రింటర్‌లో ఇంకొక పచ్చ. అంకెకు అర్థం రావాలంటే అందరూ ఒప్పుకున్న మీటరు బద్ద ఒకటి కావాలి.

ఆ బద్దను 1931లో తయారు చేశారు. అంతర్జాతీయ ప్రకాశ సంఘం, క్లుప్తంగా సీఐఈ, అప్పుడు ఒక ప్రమాణాన్ని నిర్ణయించింది. దానికి ఆధారం ఇంగ్లండులో డేవిడ్ రైట్, జాన్ గిల్డ్ అనే ఇద్దరు విడివిడిగా చేసిన ప్రయోగాలు. రైట్ 10 మందిని, గిల్డ్ 7గురిని కూర్చోబెట్టాడు. గుండ్రని కిటికీలో ఒక సగంలో వర్ణపటం నుంచి వేరుచేసిన ఒకే తరంగదైర్ఘ్యం గల కాంతి కనిపిస్తుంది. రెండో సగంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను హెచ్చుతగ్గులు చేస్తూ, రెండు సగాలకూ మధ్య గీత మాయమయ్యేదాకా కలపాలి. ఎంతెంత కలిపారో రాసుకోవాలి. కొన్ని నీలిపచ్చ రంగులకు ఎంత తంటాలు పడ్డా జత కుదరలేదు. ఎదుటి సగంలోనే కాస్త ఎరుపు కలిపితే కుదిరింది! బీజగణితంలో ఒక పదాన్ని అవతలి పక్కకు తీసుకుపోతే ఏమవుతుంది? గుర్తు మారుతుంది. కనుక ఆ రంగులకు కావలసిన ఎరుపు మైనస్‌లో ఉందన్నమాట. మైనస్ ఎరుపును వెలిగించే తెర ఏదీ లేదు. అందుకే ఎంత ఖరీదైన తెర అయినా మూడు కాంతులతో ప్రకృతిలోని రంగులన్నీ చూపలేదు.

ఆ 17 మంది చూపుల సగటు మీదనే ఈనాటికీ రంగుల కొలత చాలావరకు నడుస్తున్నది. ఇంకొకటి గమనించండి. వాళ్ళను ఎవరూ "ఇది ఎంత పచ్చ?" అని అడగలేదు. "రెండూ ఒకటేనా?" అని మాత్రమే అడిగారు. మన కన్ను రంగును గుర్తుపెట్టుకోవడంలో బలహీనం, పక్కపక్కన పెట్టి పోల్చడంలో గట్టిది. ఆకురంగు చార్టు పని చేసేది కూడా ఈ బలం మీదే.

తరువాతి కథ త్వరగా చెబుతాను. 1993లో ఎనిమిది కంపెనీలు కలిసి అంతర్జాతీయ రంగుల సంఘం, అంటే ఐసీసీ, ఏర్పరిచాయి. ప్రతి పరికరానికీ ప్రొఫైల్ అనే ఒక పట్టిక ఉండాలని, దానిలో "నా మూర ఇన్ని సెంటీమీటర్లు" అని సీఐఈ కొలతల్లో రాసి ఉండాలని పద్ధతి పెట్టారు. 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి మామూలు తెరలన్నిటికీ పనికివచ్చే ఎస్‌ఆర్‌జీబీ అనే ఉమ్మడి మూరను ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది.

తెరను సరిచేయడం

గడియారం పది నిమిషాలు తప్పు చూపిస్తుంటే రెండు పనులు చేయవచ్చు. ముల్లు తిప్పి సరిచేయవచ్చు. ఇక సరికాని చోట "ఇది రోజుకు రెండు నిమిషాలు ముందుకు పోతుంది" అని కాగితం మీద రాసుకొని లెక్క కట్టుకోవచ్చు. మొదటిది క్యాలిబ్రేషన్. రెండోది ప్రొఫైల్. తెరకు రెండూ కావాలి.

తెర వెలిగించి అరగంట ఆగాలి. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సదుపాయం, గది వెలుగును బట్టి తానే మారే సదుపాయం ఉంటే ఆపెయ్యాలి. కిటికీ ఎండ తెరమీద పడకూడదు. ఎదురుగా ఎర్రచొక్కా తొడుక్కొని కూర్చుంటే ఆ ఎరుపు తెరలో ప్రతిఫలిస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు గచ్చకాయరంగు బట్టలు వేసుకుంటారంటే నవ్వకండి.

మొదట వెలుగు. తెర పక్కన తెల్లకాగితం నిలబెట్టి, తెరమీద ఖాళీ తెల్లపేజీ ఉంచి, రెండూ సమానంగా కనిపించేదాకా తెర వెలుగు తగ్గించండి. అచ్చుకోసం పని చేసేవాళ్ళు మామూలుగా 80 నుంచి 120 క్యాండెలాల మధ్య పెట్టుకుంటారు. మొదట్లో తెర చచ్చుగా కనిపిస్తుంది. పది నిమిషాల్లో కన్ను సర్దుకుంటుంది.

తరువాత తెలుపు. తెలుపులోనూ రకాలున్నాయి. కమ్మరి కొలిమిలో ఇనుము వేడెక్కే కొద్దీ ఎరుపు, నారింజ, పసుపు దాటి తెలుపుకు వస్తుంది. ఇంకా వేడెక్కగలిగితే నీలం వైపు మొగ్గుతుంది. అందుకని తెలుపును కెల్విన్ డిగ్రీలలో చెప్పడం ఆనవాయితీ. పాతకాలపు బుడ్డి బల్బు 2700 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది. ఎస్‌ఆర్‌జీబీ కోరే తెలుపు సుమారు 6500. దుకాణంలో మెరవాలని చాలా తెరలను ఇంతకన్నా నీలంగా పెట్టి పంపుతారు. తెర అమరికలలో 6500 అనో, ఎస్‌ఆర్‌జీబీ అనో ఉంటే దాన్ని ఎంచుకోండి.

మూడోది గచ్చకాయరంగు. 255లో సగం సుమారు 128. అయితే 128 అంకెకు తెర సగం కాంతి ఇస్తుందా? ఇవ్వదు. 128ని 255తో భాగించి, దాన్ని 2.2 ఘాతానికి హెచ్చించండి. 0.22 వస్తుంది. అంటే సగం అంకెకు అయిదోవంతు కంటే కాస్త ఎక్కువ కాంతి. మన కన్ను చీకటి వైపు చిన్న తేడాలను బాగా గుర్తిస్తుంది కాబట్టి అంకెలను అటువైపు ఎక్కువగా పంచారు. ఈ 2.2ను గామా అంటారు.

దీన్ని మీరే కొలవవచ్చు. బొమ్మలు గీసే ప్రోగ్రాములో ఒక చతురస్రం తీసుకొని, ఒక చుక్క మందాన నల్లగీత, ఒక చుక్క మందాన తెల్లగీత మార్చి మార్చి గీయండి. దానికి ఆనించి మరొక చతురస్రంలో ఒకే గచ్చకాయరంగు నింపండి. బొమ్మను 100 శాతం పరిమాణంలో ఉంచి, రెండు మీటర్ల దూరం నుంచి, తెరకు సూటిగా నిలబడి, కళ్ళు చికిలించి చూడండి. గీతలు కలిసిపోయి సరిగ్గా సగం కాంతిగా కనిపిస్తాయి. పక్క చతురస్రం దానిలో కలిసిపోయేదాకా అంకె మార్చండి. తెర గామా 2.2 అయితే జత కుదిరే అంకె 186. ఎస్‌ఆర్‌జీబీ లెక్క కాస్త వేరు కనుక దానికి 188. మా బడి కంప్యూటర్ గదిలో పిల్లలు ఎనిమిది తెరలకు చూశారు. అన్నిటికన్నా తక్కువ 171, అన్నిటికన్నా ఎక్కువ 203. ఒకే ఫోటోను ఎనిమిది తెరలమీద ఒకేసారి తెరిచి చూపించేసరికి ఇక నేను ఉపన్యాసం చెప్పవలసిన పని లేకపోయింది.

ఇదంతా కంటితో చేసే పని. ఇంతకన్నా కచ్చితంగా కావాలంటే కలరీమీటర్ అనే పరికరం ఉంది. అరచేతిలో ఇమిడే ఆ పరికరాన్ని తెరకు ఆనించి వేలాడదీస్తే, కంప్యూటర్ వరసగా రంగులు చూపిస్తుంది, అది కొలుస్తుంది, చివరకు ప్రొఫైల్ తయారవుతుంది. పట్నంలో ఫోటో స్టూడియో నడిపే మిత్రుడి దగ్గర ఒకటి ఎరువు తెచ్చుకున్నాను. నా తెర వెలుగు 280 క్యాండెలాలు, తెలుపు 7800 కెల్విన్ అని తేలింది. ఇంతకాలం నేను చూసిన ప్రతి ఫోటో ఆ నీలి వెలుగులో చూసిందే.

ప్రింటర్ సంగతి

ప్రింటర్‌లో తిప్పడానికి ముళ్ళు లేవు. సిరా చిమ్మే రంధ్రాలు పూడిపోలేదని పరీక్షా కాగితం వేసి చూసుకోవాలి. అందులో గీతలు తెగి ఉంటే మిగతా శ్రమంతా వృథా. ఆ తరువాత చేయగలిగింది ప్రొఫైల్ ఒక్కటే. తెలిసిన అంకెలతో వందలకొద్దీ చిన్న గళ్ళు అచ్చు వేస్తారు. సిరా బాగా ఆరనిస్తారు, తడిమీద ఒక రంగు, ఆరాక మరొకటి. ఒక్కొక్క గడినీ స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిచి, "ఈ అంకె ఇస్తే ఈ రంగు వచ్చింది" అని పట్టిక కడతారు. లాగరిథమ్ పట్టికలను తిరగేసి ప్రతిలాగరిథమ్ చూసినట్టు, ఆ పట్టికను తిరగేస్తే "ఈ రంగు రావాలంటే ఏ అంకె ఇవ్వాలి" అన్నది తెలుస్తుంది.

ఆ పట్టిక ఆ ప్రింటర్‌కూ, ఆ సిరాకూ, ఆ కాగితానికీ మాత్రమే చెల్లుతుంది. మామూలు కాగితం సిరాను పీల్చుకుంటుంది, నున్నని ఫోటో కాగితం పైనే నిలుపుకుంటుంది. పరికరం లేనివాళ్ళు కాగితం కంపెనీ ఇచ్చే ప్రొఫైల్ వాడుకోవచ్చు. కనీసం ప్రింటర్ అమరికలలో కాగితం రకాన్ని సరిగ్గా ఎంచుకోవాలి. ఇంకొక జాగ్రత్త: రంగులు సరిచేసే పనిని ఫోటో ప్రోగ్రాముకైనా అప్పగించండి, ప్రింటర్‌కైనా అప్పగించండి. ఇద్దరికీ అప్పగిస్తే ఇద్దరు వంటవాళ్ళు చెరొకసారి ఉప్పు వేసిన కూర అవుతుంది.

ఇంత చేసినా కొన్ని రంగులు కాగితం మీదికి రావు. తెరమీద చిలకపచ్చ మిలమిలలాడుతుంది. ఆ మెరుపు కాంతిది. సయాన్, పసుపు సిరాలు ఎంత కలిపినా అంత మెరుపు రాదు. ప్రొఫైల్ అప్పుడు తనకు సాధ్యమైన దగ్గరి పచ్చను వేస్తుంది.

మళ్ళీ గుమ్మం దగ్గరికి

తెర సరిచేశాక చార్టును పగటి నీడలో మళ్ళీ ఫోటో తీశాను. పక్కన తెల్లకాగితం పెట్టి, ఫోన్ ఊహించుకున్న తెలుపును దానితో సరిదిద్దాను. ఫోటో కాగితానికి తగిన ప్రొఫైల్‌తో అచ్చు వేసి, మర్నాటిదాకా ఆరబెట్టాను. గుమ్మం దగ్గర పగటి వెలుగులో ప్లాస్టిక్ చార్టు పక్కన పెట్టి చూస్తే గళ్ళు నాలుగూ చాలా దగ్గరగా వచ్చాయి. సంతోషంతో లోపలికి తెచ్చి ట్యూబులైటు కింద పెట్టాను. మూడో గడి విడిపోయింది. నాది కొంచెం నీలం వైపు మొగ్గింది.

అమ్మ చీర కథ ఇదే! రెండు వస్తువులు ఒక వెలుగులో ఒకే రంగుగా కనిపించి, మరొక వెలుగులో వేరుగా కనిపించవచ్చు. ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత వెనక్కి పంపుతుందన్నది ప్రతి వస్తువుకూ ఒక లెక్క. ఆ లెక్కలు వేరైనా, ఒక దీపం కింద కంటిలోని మూడు రకాల శంకువులకూ మొత్తం సమానంగా రావచ్చు. దీపం మారితే మొత్తాలు మారతాయి. దీన్ని మెటామెరిజం అంటారు. రవిక గుడ్డను జత చూసేవాళ్ళు దీనికి పేరు పెట్టలేదు గాని ఎప్పుడో కనిపెట్టారు. ఆకురంగు చార్టును మెరుగుపరిచినవాళ్ళు వరి ఆకు కాంతిని వెనక్కి పంపే తీరును కొలిచి, దానికి దగ్గరగా ఉండే రంగులు ఎంచుకున్నారు. నా ప్రింటర్‌కు అది తెలియదు. దాని దగ్గరున్నవి సయాన్, పసుపు. పైగా ఎండలో ఆ సిరాలు వెలిసిపోతాయి కూడా.

కనుక కొత్త ప్రతులను తరగతిలో గోడకు అంటించాను. ప్రతి ఒక్కదాని కింద "పొలానికి కాదు" అని పెద్ద అక్షరాలతో రాశాను. పొలానికి ప్లాస్టిక్ చార్టే. చుట్టుపక్కల బడులను, రైతులను అడిగితే ఇంకొక మూడు చార్టులు ఎరువు దొరికాయి. నాలుగు జట్లుగా పిల్లలు వెళ్తున్నారు. ఎప్పుడూ ఒకే వేళకు వెళ్ళాలి, ఎండ ఆకుమీద పడకుండా సూర్యుడికి వీపు పెట్టి తన నీడలో ఆకును పట్టుకోవాలి, మొదటి నుంచి చివరి దాకా ఒక్కరే చూడాలి. ఇవి చార్టుతో పాటు చెప్పిన నియమాలే. మొదటిసారి చదివినప్పుడు ఇంత చాదస్తం దేనికనుకున్నాను.

తాతగారు ఆ కోతకు యూరియా మరి వెయ్యలేదు. మొన్న మనవడి పుట్టినరోజు ఫోటో అచ్చు వేసిపెట్టమని మా ఇంటికి వచ్చారు. కాగితం చేతికివ్వగానే అక్కడే చూడకుండా వీధి అరుగు మీదికి నడిచి, వెలుగులో తిప్పి చూసుకున్నారు.